వెంకట్రాములు సారు గీసిన దాసరిరేవు

మా కాలేజీలో జాగ్రఫీ చెప్పే వెంకట్రాములు సారుకు వనపర్తి ఏ అక్షాంశం మీద ఉందో తెలుసు. నల్లమలలో ఏ వాగు ఏ గుట్ట వెనక పుట్టి ఎటు పోతుందో తెలుసు. కానీ పెళ్లికి పోతే భోజనాల హాలు ఎటుందో మాత్రం తెలియదు. చెయ్యి కడుక్కుని వస్తానని లేచిన మనిషి వంటవాళ్ల మధ్య తేలతాడు. ఇంట్లో ఆయన భార్య జోగులమ్మ ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టావని అడిగితే "ఈశాన్యంల ఉన్నది" అంటాడట. "ఈ మనిషితోని ఇన్నేండ్లు ఎట్ల ఎల్లదీసిన్నో నాకే తెల్వది మేడమ్" అని ఆవిడ కనిపించినప్పుడల్లా నాతో మొరపెట్టుకుంటుంది. ఆవిడకు ఇంట్లో ఉన్న బాధే నాకు స్టాఫ్ రూములో ఉంది.

నా పేరు ఉమ. పొలిటికల్ సైన్స్ చెబుతాను. గద్వాలలో మాదొక చిన్న డిగ్రీ కాలేజీ. స్టాఫ్ రూములో నా బీరువాలో సగం సారు గ్లోబులే. ఒకటి పగిలి దక్షిణ ధ్రువం ఊడిపోయింది, పారేయనివ్వడు. పక్కనే జాగ్రఫీ ల్యాబు అని ఒక పెద్ద గది ఉంది. రెండు కిటికీలు, మంచి గాలి, పైన తిరిగే ఫ్యాను. నా పిల్లలు వరండాలో కూర్చుని రాజ్యాంగం చదువుతుంటే, ఆ గదిలో గోడల మీద ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా పటాలు హాయిగా వేలాడుతుంటాయి. జిల్లా ముక్కలై గద్వాల ఒకటి, వనపర్తి ఒకటి, నాగర్‌కర్నూల్ ఒకటి అయ్యాక కూడా వాటిని దింపలేదు. ఎర్ర పెన్సిల్‌తో కొత్త సరిహద్దులు గీశాడంతే. ఆ గది మీద నా కన్ను ఉన్న మాట వాస్తవం. దాచడమెందుకు?

సారుది మానవపాడు దగ్గరి రైతు కుటుంబం. కొడుకు పట్నంలో భూమి గురించి పెద్ద చదువు చదువుతున్నాడని తండ్రి ఊరంతా చెప్పుకుని మురిసిపోయాడట. సెలవులకు ఇంటికి వస్తే, "మన చేన్ల బోరు యాడ ఎయ్యాలెనో చెప్పు బిడ్డా" అని అడిగాడు. ఈయన చేను గట్టు మీద నిలబడి ఖండాలు ఎట్లా కదులుతున్నాయో వివరించాడు. తండ్రి ఓపిగ్గా అంతా విని, మరునాడు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్లు చూసేవాణ్ని పిలిపించుకున్నాడు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన దగ్గర ఉన్న సరంజామా అంతా ఇనుమూ కట్టే. కొలిచే గొలుసు, దిక్సూచి, మూడు కాళ్ల సర్వే బల్ల. పిల్లల్ని వెంటేసుకుని ఊళ్ల మీద పడేవాడు. మా ప్రాంతంలో నలుగురు గొలుసు పట్టుకుని కనిపిస్తే ఒకటే అర్థం: ప్రాజెక్టో కాలువో వస్తోంది, భూమి పోతోంది. ఒకసారి అమరచింత వైపు ఒక పొలిమేరలో గొలుసు పరిచారో లేదో, ఊరు ఊరంతా వచ్చి చుట్టుముట్టింది. ఒక పెద్దాయన తలపాగా తీసి కింద పరిచి, గొలుసు మీద అడ్డంగా పడుకున్నాడు.

"ముందు నన్ను కొలిసి, ఎనక భూమిని కొలువుండ్రి" అన్నాడు.

"పెద్దయ్యా, ఇది పిల్లల పరీక్ష కోసం" అని సారు బతిమాలాడు.

"అప్పుడు గూడ గిట్లనే చెప్పిండ్రు" అని ఆయన కళ్లు మూసుకున్నాడు.

చివరికి ఆయన పడుకున్నంత మేర వదిలేసి కొలుచుకున్నారు. ఆ పటంలో ఇప్పటికీ ఒక మనిషి పొడుగున ఖాళీ ఉంది. అడిగితే, "కొలవలేదు కాబట్టి గీయలేదు. అబద్ధం గీయొద్దు గద మేడమ్" అంటాడు.

తర్వాత స్టీరియోస్కోపు వచ్చింది. విమానం నుంచి తీసిన రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి ఆ జంట అద్దాల్లోంచి చూస్తే గుట్టలు పైకి లేచి ముఖానికి తగులుతాయి. పిల్లలు వరుస కట్టి చూసేవాళ్లు. ఆఖరికి అటెండర్ కూడా చూసి, చెయ్యి పెట్టి గుట్టను తాకబోయాడు. ఆ ఫొటోలు ఏ ఊరివో సారుకు తెలియదు, పంపినవాళ్లు చెప్పలేదు. ఏళ్ల తరబడి మా పిల్లలు పేరు తెలియని ఊరి గుట్టల ఎత్తు లెక్కగట్టి పాసయ్యారు. ఇక అన్నింటికంటే ఆయనకు ప్రాణం అక్షరాలు. ట్రేసింగ్ కాగితం మీద నల్ల సిరాతో ఊరి పేరు రాస్తే అచ్చు వేసినట్టుండాలి. నదుల పేర్లు వాలుగా, ఊళ్ల పేర్లు నిటారుగా. కృష్ణ పేరు నిటారుగా రాసినందుకు ఒక పిల్లవాడి చేత రికార్డు మొత్తం తిరిగి రాయించిన మహానుభావుడు.

ఇంతలో ఫోన్లు వచ్చిపడ్డాయి. చెప్పే మనిషి, చూపే బాణం, ఎడమకు తిరుగు, కుడికి తిరుగు అన్నీ ఫోన్లోనే. పిల్లలు సారు ముఖం మీదే అనేశారు: "పటం జేబుల ఉన్నది గద సార్, ఇగ సదివేది ఏంది?" ఆయన వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదని జోగులమ్మ చెప్పింది. జాగ్రఫీలో చేరేవాళ్లు ఏడాదికేడాది తగ్గిపోయి, మొన్నటికి తరగతి మొత్తం ఒక్క బెంచీలో సరిపోయింది.

అప్పుడు హైదరాబాద్‌లో ఏదో శిక్షణ అంటే పోయొచ్చాడు. పోయిన మనిషి వేరు, వచ్చిన మనిషి వేరు. ఉపగ్రహాలట, పొరలు పొరలుగా పటాలట, పాత సంవత్సరాల ఫొటోలు కూడా వెనక్కి తిప్పి చూడొచ్చట. మొదటి రోజే కంప్యూటర్లో తన ఇంటి డాబా వెతుక్కున్నాడు. వెంటనే భార్యకు ఫోన్ చేసి, "డాబా మీద ఆ నీలం పరదా తియ్యవే, అంతరిక్షంకెళ్లి కనబడుతున్నది!" అని కేకలు. ఆవిడ నిమ్మళంగా, "కనబడనీ, ఆరుతున్నయి మిరపకాయలేగా" అంది. ఆ రోజు నుంచి గొలుసు మూలన పడింది. ఆయన గొంతు మాత్రం లేచింది. "ఉమ మేడమ్, ఇప్పుడు జాగ్రఫీ అంటే మామూలు సబ్జెక్టు గాదు!" అని నా టిఫిన్ డబ్బా పక్కకు నెట్టి లాప్‌టాప్ పెట్టేవాడు.

పాపం, అంత ఊపులో ఉన్నప్పుడే ప్రిన్సిపాల్ పిలిచి చెప్పాడు. పిల్లలు లేని గ్రూపును నడపడం కష్టం, హైదరాబాద్ నుంచి ఒక ప్రొఫెసరమ్మ వచ్చి చూసి, ఉంచాలో ఎత్తేయాలో రాసిపోతుంది. ఎత్తేస్తే సారును వేరే ఊరు పంపుతారు. గది ఖాళీ అవుతుంది. అడ్మిషన్ల పని నాది కాబట్టి ఆవిడ వెంట నేనూ ఉండాలి.

బయటికి వచ్చాక సారు నేరుగా ల్యాబులోకి పోయి, ఒంటరిగా నిలబడి, గోడ మీది పటాలకు పట్టిన దుమ్ము భుజం మీది తువ్వాలుతో తుడవడం మొదలుపెట్టాడు. నాకు ఆ గది కావాలి నిజమే. కానీ ఆయన తుడుస్తున్న తీరు చూసి ఆగలేక నేనూ లోపలికి పోయాను.

"ఊకె పరేషాన్ గాకుండ్రి సార్. పిల్లలు చేసిన మంచి పని ఏదన్న ఉంటే చూపిద్దాం" అన్నాను.

ఉంది. "మీ ఊరి పెద్దల్ని అడిగి, ఫోన్ పటంలో మీ ఊరి పేరు సరైన చోట పెట్టండి" అని ఆ ఏడాది పిల్లలకు పని ఇచ్చాడు. చిన్న ఊళ్లు చాలావరకు అందులో లేవు మరి. అందరిలోకీ నవనీత అనే అమ్మాయి చేసింది బాగా కుదిరిందని సారు పొంగిపోయాడు. ఆమెది దాసరిరేవు. కృష్ణ ఒడ్డున ఉండే ఊరు, జూరాల ప్రాజెక్టు వెనక నీళ్లలో మునిగితే, పైన మెరక మీద కట్టిన కాలనీలో ఉంటున్నారు. గోడ మీద బొమ్మ పడేట్టు పెట్టి సారు అందరి పటాలూ చూశాడు. చూసింది దేన్ని? అక్షరాలను! దాసరిరేవు పేరు నిటారుగా, ముద్దుగా ఉంది. జిల్లా మొత్తం కనిపించే ఆ స్కేలులో చుక్క నది ఒడ్డు మీదే ఉన్నట్టు కనిపించింది. "శభాష్" అన్నాడు. ముందు స్కేలు చూడండిరా అని జీవితమంతా పిల్లల చెవులు పిండిన మనిషి, ఆ ఒక్కసారి దగ్గరికి జరిపి చూడలేదు.

ప్రొఫెసరమ్మ పేరు మల్లీశ్వరి. నల్లమల అడవి లోపల పుట్టి, చదువుకుని పైకి వచ్చిన మనిషి అని విన్నాం. ఉపగ్రహ పటాల్లో దిట్ట, పనిలో కఠినం అని కూడా విన్నాం. హైదరాబాద్ నుంచి కారులో నేరుగా దాసరిరేవుకే వస్తానంది. సారు ఫోన్లో ఎంత ధీమాగా చెప్పాడనుకున్నారు! "దారి అడగాల్సిన పని లేదు మేడమ్. ఊరి పేరు కొట్టండి, మా పిల్లలు పెట్టిందే, గుమ్మం ముందర దింపుతుంది."

ఆ రోజు పొద్దున్నే మేము కాలనీ చేరాం. నవనీత వాళ్ల అవ్వ సత్తెమ్మ జొన్నరొట్టెలు చేసి, పుంటికూర వండి పెట్టింది. కాలనీ పెద్దమనిషి వెంకటన్న శాలువా పట్టుకుని కూర్చున్నాడు. పైన బాగా వానలు పడి ప్రాజెక్టు నిండుగా ఉన్న రోజులు. అనుకున్న వేళ దాటింది. కారు జాడ లేదు. సారు ఫోన్ మోగింది. నేను వినాలని స్పీకర్ పెట్టాడు, ఖర్మ.

"వెంకట్రాములు గారూ, మేము ఊరికి వచ్చేశాం. మీరెక్కడ?"

"మేమూ ఊళ్లనే ఉన్నం మేడమ్! కమ్యూనిటీ హాలు ముందర."

"ఇక్కడ హాలు లేదు. నీళ్లున్నాయి."

"నీళ్లా? ట్యాంకు పక్కకా మేడమ్?"

"ట్యాంకు కాదండీ, సముద్రమంత నీళ్లు! దారి నీళ్లలోకి దిగిపోయింది. ఫోనేమో ఇంకా నేరుగా పొమ్మంటోంది. కారు బురదలో ఇరుక్కుంది."

వెనక నుంచి డ్రైవర్ సాయన్న గొంతు వినిపించింది: "అది నేరుగ పొమ్మంటే నేను దిగుదామనే అనుకున్న మేడమ్. కొంగలు నిలబడ్డయి గాబట్టి ఆగిన."

సారు నవనీత ఫోను లాక్కుని పటాన్ని దగ్గరికి జరిపాడు. ఇంకా జరిపాడు. ఒడ్డు వెనక్కి పోయింది. చుక్క మాత్రం చుట్టూ నీలం మధ్యలో నిక్షేపంగా ఉంది.

"ఎవరు పెట్టిండ్రమ్మా దీన్ని గీడ?" అన్నాడు.

"అవ్వను అడిగిన సార్. మీరే పెద్దోళ్లను అడగమంటిరి గద" అంది నవనీత, ఏడుపు మొహంతో.

"నేనే పెట్టమన్న. ఏమైంది?" అంది సత్తెమ్మ, రొట్టెల గంప మీద గుడ్డ కప్పుతూ. "ఊరు యాడున్నదని అడిగింది పిల్ల. ఊరు ఆడున్నది. గిది సెంటరు."

కాలనీలో ఎవరిని అడిగినా అదే మాట. వాళ్లు ఉండేది పునరావాస సెంటరు. ఊరు అంటే నీళ్ల కింద ఉన్నదే. సెంటర్లో పుట్టిన పిల్లలు కూడా 'మా ఊరు' అని నది వైపే వేలు చూపిస్తారు. దాంట్లో తప్పేమిటో వాళ్లకు అర్థం కాలేదు. సారుకు మాత్రం తన ఉద్యోగం, గది, గ్లోబులు అన్నీ ఆ నీళ్లలో మునిగినట్టే అర్థమైంది.

ట్రాక్టర్ తీసుకుని బయలుదేరాం. ఎంత చెప్పినా వినకుండా సత్తెమ్మ కూడా ఎక్కింది. ఆమె ఎక్కుతోందని ఆమె వయసుదే కిష్టమ్మ కూడా ఎక్కింది. పాత దారి చివర కారు ముందు చక్రాలు నల్లరేగడిలో దిగబడి ఉన్నాయి. మల్లీశ్వరి మేడం చెప్పులు చేత్తో పట్టుకుని, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని గట్టు మీద నిలబడి ఉంది. కారులోంచి ఫోను ఇంకా "నేరుగా వెళ్లండి" అంటూనే ఉంది. దాని నోరు నొక్కడం సాయన్నకు చేతకాలేదు.

"ఇదేనా మీ పిల్లల పని?" అంది మేడం.

సారు చేతులు జోడించాడు. "తప్పు నాది మేడమ్. నేను స్కేలు చూడలే."

"తప్పేంది?" అని సత్తెమ్మ ట్రాక్టర్ మీది నుంచే అరిచింది. "ఓ మేడమ్మా! నువ్వు నిలబడ్డది మా ఊరి దారి. మా పెండ్లి బండ్లు గీ దారిలకెళ్లే పోయినయి. నడువు, ఇంక జర ముందుకు పోతే పీర్ల చావిడి వస్తది. నీళ్లు ఉండబట్టిగని!"

మేడం ఆమెను చూసింది, నీళ్లను చూసింది. ఫోను తీసి పటం చూసుకుంది. తర్వాత సారు వైపు తిరిగి, "పాత ఏండ్ల ఫొటోలు ఉన్నాయా మీ దగ్గర? ఎండాకాలంవి, నీళ్లు పూర్తిగా తగ్గినప్పటివి?" అని అడిగింది.

ఉన్నాయి. సారుకు ఏ ఎండ ఏ ఏడు ఎంత కొట్టిందో తెలుసు కదా. లాప్‌టాప్ తెచ్చి కారు బానెట్ మీద పెట్టి, ఏడాది తర్వాత ఏడాది వెనక్కి తిప్పాడు. నీలం తగ్గుతూ తగ్గుతూ ఒక కరువు వేసవి దగ్గర నది సన్నని గీతయింది. పక్కన బూడిద రంగు నేల. ఆ నేల మీద గీతలు, గడులు. మొండి గోడలు! వీధులు! ఒక గుండ్రని మచ్చ. నేను కూడా మెడ సాచి చూశాను.

"అవ్వా, మీ ఊరు" అన్నాడు సారు.

సత్తెమ్మ కళ్లు చికిలించి చూసి పెదవి విరిచింది. "ఏమో సారూ, నాకు తెల్వది. పైకెళ్లి ఊరిని చూసేటందుకు నేనేమన్న గద్దనా? అది తిప్పు."

"తిప్పుడేంది?"

"నేను ఏటి కాణ్ణుంచి బిందెతోని వస్త. ఏరు నా దిక్కు ఉండాలె. తిప్పు."

"ఉత్తరం పైనుండాలె అవ్వా! పటమంటే ఉత్తరం పైనే..."

"తిప్పండి సార్" అంది మేడం.

ఉత్తరం కిందికి వచ్చేలా తెర మీది ఫొటో తిప్పుతుంటే సారు పడ్డ యాతన నేను చూశాను. పన్ను పీకించుకుంటున్న మనిషి కూడా అంత బాధపడడు. తిప్పగానే సత్తెమ్మ వేలు తెర మీద నడవడం మొదలుపెట్టింది.

"గుండ్రంగున్నది బాయి. బాయి కాణ్ణుంచి గిట్ల వస్త... గిది పీర్ల చావిడి... గిది సందు... ఇగో! గిదే మా ఇల్లు!"

"థూ, అది మా ఇల్లు" అంది కిష్టమ్మ.

"నీది ఆ పక్కది."

"ఆ పక్కది గొడ్ల కొట్టం. గీ గోడ మా మామ పెట్టింది."

"మీ మామ పెట్టిండా? మా భూమిల మూరెడు ముందుకు జరిపి పెట్టిండు! పంచాయితి ఒడిసినంక కూల్చుతనన్నడు, కూల్చలే!"

"ఇప్పుడు కూల్చుపో! నీళ్లల్ల దిగి కూల్చుపో!"

ఊరు మునిగి ఒక తరం గడిచింది. గోడ తగువు మాత్రం ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి మొదలైంది. ఇద్దరూ బానెట్‌కు చెరో పక్క నిలబడి తెర మీద వేళ్లు పొడుస్తున్నారు. వెంకటన్న సర్దిచెప్పబోయి, తన ఇల్లు ఎక్కడో కనిపించేసరికి ఆ సంగతి మరచిపోయి, "మాది ఇదే, వేపచెట్టు కింద ఇదే" అని అరవడం మొదలుపెట్టాడు. సాయన్న ఒక్కడే కారును తలుచుకుంటూ నిలబడ్డాడు.

మల్లీశ్వరి మేడం నవ్వింది. ఆ రోజు అదే మొదటిసారి. "మేడమ్, ఇది సరిహద్దు తగాదా. మీ సబ్జెక్టు" అంది నాతో. తర్వాత ఆవిడ గొంతు మారింది. "మాది నల్లమల లోపల ఒక పెంట. అంటే ఆరేడు గుడిసెల గూడెం. పరిశోధన చేసేటప్పుడు ప్రతి పటంలో వెతికిన. ఏ పటంలో లేదు. మా నాయన దాసుకు చెబితే నవ్విండు. 'మనం ఆడనే ఉన్నం గద బిడ్డా, ఆళ్లకు కనబడక పోతే మనకేంది' అన్నడు. నాకు మాత్రం నవ్వు రాలే."

అప్పుడు సారుతో చెప్పింది. "ఇవాళ నేను ఏమీ రాయను. దాసరిరేవు పటం గీయండి. పాత సర్వే పటం, ఈ ఫొటోలు, వీళ్ల మాటలు, మూడూ కలిపి. గడప గడపా ఉండాలి. పిల్లల చేత గీయించండి. నేను మళ్లీ వస్తా. ఆ పటం చూసే రాస్తా, ఉంచాలో ఎత్తేయాలో." ఫోన్లోని చుక్కను తీసేయమంటారా అని సారు అడిగితే, "తీయొద్దు. కాలనీకి ఇంకోటి పెట్టండి. దీనికి కారు పోదని రాయండి" అంది.

ఆ తర్వాతి రోజులు సారు కాలనీలోనే కాపురం. గొలుసు తీసుకుపోలేదు. గొలుసు పట్టుకుని వచ్చినవాళ్లే ఊరిని ముంచారని సత్తెమ్మ మొదటి రోజే హెచ్చరించింది. లాప్‌టాప్ చాలు. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఒక ఇల్లు చెబుతారు, ఇంకొకరు వచ్చి అది కాదంటారు. సారు ఎండాకాలపు ఫొటోలు, పాత సర్వే పటం ఒకదాని మీద ఒకటి పరిచి తీర్పు చెబుతాడు. తీర్పు నచ్చనివాళ్లు ఆయనకు చాయ్ ఇవ్వరు. కాలనీ పిల్లలు చుట్టూ మూగి, ఈ పనిని జాగ్రఫీ అంటారని తెలుసుకుని, ఇంటర్ అయినవాళ్లు అప్లికేషన్లు పట్టుకుని నా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. గది ఆశ నాకు అప్పుడే సగం పోయింది. ఈలోగా నీళ్లలోని చుక్క కింద ఫోన్లో ఎవరో అయిదు నక్షత్రాలు ఇచ్చి, 'నీటి ఎద్దడి లేదు' అని రాశారు. వెంకటన్న మీదే నా అనుమానం.

పటం పూర్తయింది. అట్ట అంత మందం కాగితం, మనిషి చాచిన చేతులంత వెడల్పు. కంప్యూటర్లో లెక్క తేల్చినా, చివరి సిరా గీత సారే చేత్తో గీశాడు. నది పేరు వాలుగా, వీధుల పేర్లు నిటారుగా. సత్తెమ్మ, కిష్టమ్మల గోడను దేశాల సరిహద్దు తగాదాల్లో వేసినట్టు చుక్కల గీతగా వేసి, కింద 'వివాదంలో ఉంది' అని సూచికలో రాశాడు. ఆ సలహా నాదే. మేడం వచ్చే రోజుకు ముందు సాయంత్రం కమ్యూనిటీ హాలు గోడకు తగిలించి, ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి ఇంటికి వచ్చాం.

మరునాడు శుక్రవారం. అది సారుకు గుర్తు లేదు, నాకూ గుర్తు లేదు. గుర్తున్నవాళ్లు కాలనీ ఆడవాళ్లు. మేము పోయేసరికి హాలు తలుపులు బార్లా తీసి ఉన్నాయి. పటం నిండా పసుపు! ప్రతి ఇంటి ముందు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు. శుక్రవారం పూట గడపకు పెట్టినట్టే, వరసగా, వీధి వీధినా. కొన్ని బొట్లు జారి పీర్ల చావిడి దాకా పోయాయి.

సారు చిన్న పిల్లాడిలా నెత్తి పట్టుకున్నాడు. "అయ్యో, నా స్కేలు! ఏం పని చేసినవ్ అవ్వా! మేడమ్ వస్తున్నది, ఇగ మా గ్రూపు ఒడిసింది! ఒక్కొక్క బొట్టు అంగడి దుకాణమంత ఉన్నది!" అని సత్తెమ్మ మీద అరిచాడు. ఆమె చేతికి ఇంకా పసుపు ఉంది.

"తిడితే తిట్టు సారూ" అంది ఆమె. "మా గడపకు పసుపు రాసి ఎన్నేండ్లాయె. ఇయ్యాల గనబడ్డది, రాసిన. సెంటర్ల గడపకు గూడ రాస్తం. అది వేరే."

సారు నెత్తి మీది చేతులు దించాడు. నాకు ఏడుపు ఆగలేదు. నలుగురిలో ముక్కు చీదుకోవాల్సి వచ్చింది. అదే సమయానికి బయట కారు ఆగింది.

మల్లీశ్వరి మేడం పటం ముందు నిలబడింది. చూపుతోనే బావి దగ్గర మొదలుపెట్టి, సందులన్నీ తిరిగి, నది దాకా పోయి వచ్చింది. సారు మంచినీళ్ల గ్లాసు పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. ఆవిడ చివరికి కింది మూలన ఉన్న సూచిక దగ్గర ఆగింది. బావికి ఒక గుర్తు, దారికి ఒక గుర్తు, తగాదా గోడకు ఒక గుర్తు.

"వెంకట్రాములు గారూ, ఇందులో ఒకటి తక్కువైంది" అంది. "పటంలో ఉన్న ప్రతి గుర్తూ సూచికలో ఉండాలి కదా. మీరే పిల్లలకు చెబుతారు."

సారు సూచిక మీది నుంచి తలెత్తి పటం మీది బొట్లను చూశాడు. తర్వాత గ్లాసు నా చేతిలో పెట్టి, జేబులోంచి నిబ్బు పెన్ను తీశాడు. సత్తెమ్మ చేతిలోని కుంకుమ భరిణలో వేలు అద్ది సూచికలో చివరన ఒక చిన్న చుక్క పెట్టాడు. దాని పక్కన, నిటారుగా, అచ్చు వేసినట్టు ఒకే ఒక్క మాట రాశాడు. మేడం అక్కడే గోడకు కాగితం ఆనించి, గ్రూపు ఉంచమని రాసి సంతకం చేసింది. వచ్చే ఏడాది పిల్లల్ని తీసుకుని నల్లమలకు రమ్మని కూడా చెప్పింది, తన పెంట గీయడానికి.

నా గది పోయింది. నా పిల్లలకు వరండాయే గతి.

చదువు రాని సత్తెమ్మ నా కొంగు పట్టి లాగింది. "ఏం రాసిండు మేడమ్ సారు?"

"గడప అని రాసిండు అవ్వా."

ఆమె ఆ మాట వైపు చూసింది, పటంలో తన బొట్టు వైపు చూసింది, చుక్కల గోడకు అవతలి బొట్టు వైపు కూడా చూసింది.

"మంచిగ రాసిండు" అంది. "గని కిష్టమ్మ బొట్టు మా దిక్కు జరిగింది. తుడువమను."